మెట్ల మీద ఇద్దరు పిల్లలు

నాంపల్లి నుంచి కోఠి దాకా: 9వ భాగం

ఆదివారం పొద్దున అబిడ్స్‌లో చాలా దుకాణాల షట్టర్లు దించే ఉంటాయి. ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడవునా పట్టాలు పరిచి పుస్తకాలు పోస్తారు. ఎంసెట్ గైడ్లు, అట్ట ఊడిన నవలలు, ఎవరి బీరువాలోంచో బయటపడ్డ నిఘంటువులు. ఈ ధారావాహిక కోసం నేను తిరిగే తిరుగుడులో సగం అక్కడే తెమిలిపోతుంది. ఆ మధ్య ఒక ఆదివారం అలాంటి కుప్పలో విలియం డాల్రింపుల్ రాసిన ‘వైట్ మొఘల్స్’ దొరికింది. 2002లో వచ్చిన పుస్తకం. వీపు విరిగి, పేజీలు పసుపు తిరిగాయి.

“ఎంతన్నా?”

“రెండు వందలియ్యండ్రి సార్. లోపల బొమ్మలున్నయ్, చూస్కోండ్రి.”

నిజంగానే ఉన్నాయి. నున్నటి కాగితం మీద రంగుల్లో అచ్చేసిన ఒక పటం దగ్గర ఎవరో పాత పాఠకుడు పెన్సిలుతో చిన్న అక్షరాల్లో, తెలుగులో, ఒకే ఒక్క మాట రాసుకున్నాడు: ‘మన కోఠి పిల్లలు’. బేరం ఆడకుండా డబ్బులిచ్చి తెచ్చుకున్నాను. ఈ వారం చెప్పబోయేది ఆ పటం కథే.

పటంలో ఇద్దరు పసివాళ్లు మెట్ల మీద నిలబడి ఉంటారు. పిల్లవాడికి నాలుగేళ్లు. బంగారు జరీ అంచు కుట్టిన ఎర్రటి జామా, నడుముకు జరీ పట్కా, తల మీద మెరిసే టోపీ, కాళ్లకు కొస తిరిగిన చెప్పులు. మెడలో రెండు పేటల ముత్యాలు. ఒక్కో ముత్యం ఎంత పెద్దదంటే ఆ చిన్న గుండె మీద అవి బరువుగా వేలాడుతున్నట్టే ఉంటుంది. వాడు మన కళ్లలోకి సూటిగా చూస్తాడు. కొలువులో పెద్దవాళ్ల మధ్య తిరిగిన పిల్లలకు వచ్చే ధీమా అది. చెల్లెలు ఒక మెట్టు పైన నిలబడి అన్న భుజం చుట్టూ చెయ్యి వేసింది. దానికి మూడేళ్లు. కళ్లు దించుకుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఊరుకున్న పిల్ల మొహం ఎలా ఉంటుందో ఇంట్లో పిల్లలున్న ఎవరికైనా తెలుసు. ఆ అమ్మాయి మొహం అలా ఉంది.

అన్న పేరు సాహెబ్ ఆలం, చెల్లెలి పేరు సాహెబ్ బేగం. 1805లో మద్రాసులో జార్జ్ చిన్నరీ అనే ఇంగ్లీషు చిత్రకారుడు ఈ తైలవర్ణ చిత్రం వేశాడు. ఇప్పుడది హాంకాంగ్‌లో, హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకు వారి సేకరణలో ఉంది. కోఠిలో ఆడుకున్న పిల్లల బొమ్మ చైనా తీరంలో ఒక బ్యాంకు చేతికి ఎలా చేరింది? పాత చిత్రాలు అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ బొమ్మతో పాటు ఒక జాబితా అడుగుతారు: మొదట ఎవరిది, తర్వాత ఎవరిది, ఎవరి గోడ మీద ఎన్నేళ్లుంది. పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూస్తామే, అలాంటిదే. ఈ పటం జాబితాలో ఒక్కొక్క పేరూ తిరగేస్తూ పోతే, మన ఊళ్లో ఒక ఇల్లు ఎలా చెల్లాచెదురైందో వరుసగా కనిపిస్తుంది. అందుకే నాకు బొమ్మ ఎంత ముఖ్యమో ఆ జాబితా కూడా అంతే ముఖ్యం.

ముందు ఆ కాలానికి మన పేట ఎలా ఉండేదో ఒకసారి గుర్తు చేసుకోవాలి. 1805లో అబిడ్స్ అనే పేరే లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ ఇక్కడ దుకాణం పెట్టాక వచ్చిన పేరది. నాంపల్లి స్టేషను ఇంకో వందేళ్లకు గానీ రాదు. నగరమంటే మూసీకి దక్షిణాన, ప్రాకారం లోపల ఉన్నదే. ఇవతలి ఒడ్డున తోటలు, దండు విడుదులు, పోయిన వారం చెప్పుకున్న ఫ్రెంచి రేమండ్ ఫిరంగుల కార్ఖానా, మన గన్‌ఫౌండ్రీ. ఆ కార్ఖానాకు కాస్త దూరంలో నది ఒడ్డున ఈస్టిండియా కంపెనీ రెసిడెంటు విడిది. ఇవాళ అబిడ్స్ జీపీవో దగ్గర బయలుదేరి బ్యాంక్ స్ట్రీట్ మీదుగా నడిస్తే పావుగంటలో ఆ గేటు దగ్గర ఉంటాం. కోఠి అంటే రెసిడెంటుగారి కోఠీయే. సుల్తాన్ బజారును కూడా చాలాకాలం రెసిడెన్సీ బజారనే పిలిచారు.

రేమండ్ 1798 మార్చిలో చనిపోయాడు. ఆ ఏడాది అక్టోబరులో అతని ఫ్రెంచి దండును నెత్తురు చుక్క చిందకుండా రద్దు చేయించిన మనిషి జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్. కంపెనీ తరఫున కొత్తగా వచ్చిన రెసిడెంటు. 1764లో మద్రాసులోనే పుట్టి, చిన్నప్పుడే ఇంగ్లండు వెళ్లి, కంపెనీ సైన్యంలో చేరి తిరిగి వచ్చినవాడు. పారసీ, హిందుస్తానీ ధారాళంగా మాట్లాడేవాడు. ఇంట్లో హైదరాబాదీ దుస్తులు వేసుకునేవాడు. నిజాం అలీ ఖాన్ అతనికి ‘హష్మత్ జంగ్’ అని బిరుదిచ్చాడు. ఇలాంటి దొరలు అప్పట్లో మరికొందరు ఉన్నారు. కానీ ఇతను ప్రేమించిన అమ్మాయి మామూలు ఇంటి పిల్ల కాదు. ఖైరున్నీసా, నిజాం కొలువులో బఖ్షీగా పనిచేసిన బాకర్ అలీ ఖాన్ మనవరాలు. ఆయన మీర్ ఆలంకు దగ్గరి చుట్టం. మీర్ ఆలం తర్వాతి కాలంలో దివాన్ అయినవాడు. మన మీరాలం చెరువు ఆయన పేరిటిదే.

పిల్లకు పద్నాలుగో పదిహేనో ఏళ్లు. అప్పటికే ఇంకొకరితో సంబంధం కుదిరింది. ఆమె తల్లి షరఫున్నీసా, అమ్మమ్మ పిల్ల వైపే నిలబడ్డారు. కిర్క్‌పాట్రిక్ ఇస్లాం పుచ్చుకుని షియా పద్ధతిలో నికా చేసుకున్నాడు. ఊళ్లో గుసగుసలు కలకత్తా దాకా పాకాయి. గవర్నర్ జనరల్ వెల్లెస్లీ మండిపడి విచారణ జరిపించాడు. కొలువు పోయేదే, కొద్దిలో తప్పింది. 1801 మార్చి 4న కొడుకు పుట్టాడు, 1802 ఏప్రిల్ 9న కూతురు. మీర్ గులాం అలీ, నూరున్నీసా అని పేర్లు పెట్టి, ఇంట్లో సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అని పిలుచుకున్నారు.

ఆ ఇంటిని కూడా కాస్త చూడాలి. పాత బంగళాల చోట కొత్త రెసిడెన్సీ 1803 ప్రాంతంలో మొదలైంది. గీత గీసింది మద్రాస్ ఇంజనీర్స్‌లో లెఫ్టినెంటు శామ్యూల్ రస్సెల్. ఇతని తండ్రి జాన్ రస్సెల్ లండన్‌లో పేరున్న చిత్రకారుడు. ఎత్తయిన స్తంభాలు, సింహాలు కాపలా కాస్తున్న వెడల్పాటి మెట్లు. ఖర్చు నిజాంది. దీని మీద ఒక కథ చెబుతారు. కిర్క్‌పాట్రిక్ మొదట ఇంత పెద్ద కాగితం మీద నక్షా గీయించి నిజాం ముందు పరిచాడట. నిజాం కుదరదన్నాడు. కిర్క్‌పాట్రిక్ మున్షీ అతని చెవిలో సంగతి వేశాడు: నిజాం రాజ్యం పటమే అంత సైజులో ఉంటుంది, నువ్వు నీ తోటకు అంత కాగితం పరిస్తే ఆయన ఏమనుకుంటాడు? మర్నాడు అదే నక్షాను అరచేతిలో పట్టే కార్డు మీద గీయించి తీసుకెళితే వెంటనే సరేనన్నాడట. నిజమో కాదో గానీ, ఆ కొలువులో పటానికి ఉన్న బరువు ఏమిటో ఈ కథలో తెలుస్తుంది.

రెసిడెన్సీ వెనక, పరదా మాటున, బేగం కోసం రంగ్ మహల్ కట్టించాడు. పూలు, పక్షులు గోడల నిండా రాయించాడు. తోటలో పెద్ద మేడకు నమూనాగా ఒక బుల్లి మేడ కూడా ఉండేది. పరదా దాటి ముందువైపుకు రాలేని భార్య ఇంటిని చూసుకోవాలని అలా చేయించాడని తరతరాలుగా చెప్పుకుంటారు. రంగ్ మహల్‌ను తర్వాతి కాలపు దొరలు కూల్చేశారు. ఒక పాత దర్వాజా మిగిలింది.

ఇక పిల్లల సంగతి. 1791లో కంపెనీ ఒక నియమం పెట్టింది: తల్లిదండ్రుల్లో ఒకరు హిందూస్తానీ అయితే కొడుక్కు కంపెనీ సివిల్, మిలిటరీ కొలువులు దొరకవు. ఆ దెబ్బతో ఇలాంటి ఇళ్లలో తండ్రులు పిల్లలను చిన్నప్పుడే ఓడెక్కించి ఇంగ్లండు పంపేవారు. అక్కడే పెరిగి, అక్కడి పేరుతో, అక్కడి మతంలో చదువుకుంటే నిలదొక్కుకుంటారని ఆశ. కిర్క్‌పాట్రిక్ అదే లెక్క వేశాడు. తండ్రిగా అతని భయం నాకు అర్థమవుతుంది. ఆ తల్లికి మాత్రం ఏ లెక్కా ఒప్పించేది కాదు. నాలుగేళ్ల కొడుకునూ మూడేళ్ల కూతురినీ ఆరు నెలల సముద్రప్రయాణం మీద, మళ్లీ ఎప్పుడు చూస్తుందో తెలియని చోటికి పంపాలి. పల్లకీలు హైదరాబాదు దాటి మద్రాసు దారి పట్టాయి. పిల్లలతో వెళ్లింది రెసిడెన్సీ డాక్టరు యూర్ భార్య.

ఓడెక్కే ముందు తండ్రి ఒక పని చేయించాడు. పిల్లల పటం వేయించాడు.

జార్జ్ చిన్నరీ 1774లో లండన్‌లో పుట్టాడు. రాయల్ అకాడమీ బడిలో నేర్చుకున్నాడు. డబ్లిన్‌లో పెళ్లి చేసుకుని, ఇద్దరు పిల్లలు పుట్టాక, వాళ్లను అక్కడే వదిలి 1802 చివర్లో మద్రాసులో దిగాడు. అన్న జాన్ అక్కడ ఉన్నాడు. చిన్నరీకి చేతి దురద ఎక్కువ. కూలీలు, పడవలు, కూలిపోయిన గోపురాలు, ఏది కనబడితే అది గీసేవాడు. ఆ గీతల పక్కన గర్నీ అనే పొట్టిలిపిలో గుర్తులు రాసుకునేవాడు: ఇక్కడ నీడ తగ్గించాలి, ఈ తల సరిగ్గా వచ్చింది అని. మద్రాసు దొరల పటాలు వేసి పొట్ట పోసుకుంటున్న ఆ కుర్రవాడి చేతికి హైదరాబాదు రెసిడెంటు పిల్లలు దొరికారు.

హైదరాబాదు కొలువుకు పటాలు కొత్త కాదు. దివాన్ అరస్తూ జా దగ్గర వెంకటాచలం అనే చిత్రకారుడు ఉండేవాడు. పేరును బట్టే మన దక్షిణాదివాడని తెలుస్తుంది. నిజాంనూ అమీర్లనూ, వాళ్ల వేటలనూ ఊరేగింపులనూ సన్నటి కుంచెతో కాగితం మీద దించినవాడు. ఆ పద్ధతిలో మనిషి సాధారణంగా పక్కకు తిరిగి ఉంటాడు. మొహం కన్నా హోదా ముఖ్యం: తలపాగా మీది కలికితురాయి, చేతిలోని పువ్వు, వెనక చామరం. చిన్నరీ నేర్చుకున్న తైలవర్ణ చిత్రం అలా కాదు. మనిషి నిలువెత్తున మనవైపు తిరిగి నిలబడతాడు. బుగ్గ మీద వెలుగు, కనురెప్ప కింద నీడ, పెదవి వణుకు పట్టుకోవడమే పనితనం. ఈ పటంలో రెండూ కలిశాయి. జామా, పట్కా, ముత్యాలు హైదరాబాదువి. మొహాలు పట్టిన పద్ధతి లండన్‌ది. తన పిల్లలను ఎలా చూపించాలని కిర్క్‌పాట్రిక్ కోరుకున్నాడో ఆ దుస్తుల్లో ఉంది. ఇంగ్లండు వెళ్లే పిల్లలకు గౌనూ కోటూ తొడిగించి నిలబెట్టి ఉండొచ్చు. అలా చేయలేదు. తాతల కొలువు ముస్తాబుతో నిలబెట్టాడు. ఆ ముస్తాబులో వాళ్లు కనిపించే ఆఖరి క్షణం అది.

1805 సెప్టెంబరులో ‘లార్డ్ హాక్స్‌బరీ’ అనే ఓడ మద్రాసు తీరం విడిచింది. పటం ఇండియాలోనే ఉండిపోయింది.

అక్టోబరు 15న కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. కొత్త గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్‌ను కలవాలని జబ్బుతోనే బయలుదేరాడు. ఆ కారన్‌వాలిస్ కూడా పది రోజుల ముందే గాజీపూర్‌లో కన్నుమూశాడు. పిల్లలు అప్పటికి నడిసముద్రంలో ఉన్నారు. తల్లి హైదరాబాదులో ఉంది. ముగ్గురిలో ఏ ఒక్కరికీ ఆ రోజు ఆ సంగతి తెలియదు.

1806 మార్చి 25న లండన్‌లో మేరీలబోన్ చర్చిలో పిల్లలకు బాప్తిస్మం ఇచ్చారు. సాహెబ్ ఆలం విలియం జార్జ్ అయ్యాడు. సాహెబ్ బేగం కాథరిన్ ఆరోరా అయింది. కాథరిన్ అన్నది కిర్క్‌పాట్రిక్ తల్లి పేరు. ఇంట్లో కిట్టీ అని పిలిచేవారు. కెంట్‌లో తాత దగ్గర పెరిగారు. పాత పేర్లు పలికేవాళ్లు అక్కడ ఎవరూ లేరు. చిన్నప్పటి భాష కొద్ది ఏళ్లలోనే జారిపోయి ఉంటుంది. ఆ పేర్లకూ ఆ బట్టలకూ సాక్ష్యం పటం ఒక్కటే, అది సముద్రానికి ఇవతల ఉంది.

ఇవతల ఏం జరిగిందో చెప్పడానికి నాకు మనసొప్పదు. అయినా పటం కథ ఆ దారినే నడిచింది. పంతొమ్మిది, ఇరవై ఏళ్ల వయసులో వితంతువైన ఖైరున్నీసా 1806లో తల్లిని వెంటబెట్టుకుని భర్త సమాధి చూడడానికి కలకత్తా వెళ్లింది. భర్త ఆస్తి వ్యవహారాలు చూస్తున్నది అతని సహాయకుడు హెన్రీ రస్సెల్. రెసిడెన్సీ గీత గీసిన రస్సెల్ వేరు, ఇతను వేరు. ఇతను కలకత్తా పెద్ద జడ్జీ కొడుకు. దుఃఖంలో ఆమెకు దగ్గరయ్యాడు. ఆ తోడు ఎక్కువ కాలం నిలవలేదు. ఊళ్లో పరువు పోయిందని మీర్ ఆలం ఆమెను హైదరాబాదులో అడుగు పెట్టనివ్వలేదు. ఆమె, తల్లి బందరులో ఉండిపోయారు. ఇప్పటి కృష్ణా జిల్లా తీరంలో, బందరు కోటలో అప్పట్లో కంపెనీ దండు, సముద్రపు ఉప్పుగాలి, బురద కాలవలు. నగరంలో పెరిగిన అమీరు ఇంటి ఆడపిల్లకు అక్కడ అయినవాళ్లెవరున్నారు? ఆమె ఎదురుచూస్తూ ఉండగానే రస్సెల్ 1808లో మద్రాసులో ఒక దొరసానిని పెళ్లి చేసుకున్నాడు. పెళ్లయిన కొద్ది నెలలకే ఆ కొత్త పెళ్లికూతురు చనిపోయింది. అయినా అతను బందరు వైపు తిరిగి చూడలేదు.

మీర్ ఆలం మరణించాక ఖైరున్నీసా తన ఊరికి రాగలిగింది. 1813 సెప్టెంబరు 22న ఇక్కడే పోయింది. 27 ఏళ్లు. పిల్లలను మళ్లీ చూడలేదు. అప్పుడు రెసిడెన్సీలో భర్త కూర్చున్న కుర్చీలో కూర్చున్నది హెన్రీ రస్సెలే. పిల్లల పటం చివరికి చేరింది కూడా అతని చేతికే. 1820లో రస్సెల్ బోలెడు డబ్బుతో హైదరాబాదు విడిచి ఇంగ్లండు చేరాడు. పటం కూడా ఆ దారినే వెళ్లింది.

అది వేలాడిన గోడ గురించి ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. రస్సెల్ కుటుంబం 1820లో బర్క్‌షైర్‌లో స్వాలోఫీల్డ్ పార్క్ అనే పెద్ద బంగళా కొనుక్కుంది. అంతకు వందేళ్ల ముందు దాన్ని కొన్నవాడు థామస్ పిట్, ఒకప్పటి మద్రాసు గవర్నరు. మన కృష్ణా తీరపు గనుల్లో దొరికిన పెద్ద వజ్రాన్ని మద్రాసులో కొని, సానపట్టించి, 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి అమ్మినవాడు ఇతనే. రీజెంట్ వజ్రం అంటారు దాన్ని. ఇవాళ పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఆ వజ్రం డబ్బుతోనే పిట్ స్వాలోఫీల్డ్ కొన్నాడు. గోల్కొండ రాయి తెచ్చిన సొమ్ముతో కొన్న ఇంట్లో, హైదరాబాదు పిల్లల పటం మేకుకు వేలాడింది. ఎవరూ అనుకుని చేసింది కాదు. అయినా ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

పటంలో ఉన్న పిల్లల్లో అబ్బాయి బతుకు తొందరగా ముగిసింది. 1812లో మరిగే నీళ్ల కాగులో పడి కాలి, అవిటివాడయ్యాడు. కవిత్వం మీద ప్రాణం. చిన్న వయసులోనే పెళ్లి చేసుకుని, ముగ్గురు ఆడపిల్లల తండ్రై, 1828లో చనిపోయాడు. తల్లి పోయిన వయసే అతనిదీ, 27.

కిట్టీ మాత్రం లండన్‌లో అందరి కళ్లలో పడింది. 1824లో ఆమె బంధువుల ఇంట్లో పిల్లలకు చదువు చెప్పడానికి కుదిరిన ఒక పేద స్కాట్లండు యువకుడు ఆమెను చూసి మనసు పారేసుకున్నాడు. అతని పేరు థామస్ కార్లైల్. తర్వాత రాసిన ‘సార్టర్ రిసార్టస్’లో బ్లూమిన్ అనే పాత్రకు మూలం ఆమే అంటారు. ముసలితనంలో రాసిన జ్ఞాపకాల్లో కూడా ఆమె ఎర్రటి జుట్టును మరిచిపోలేదు. 1829 నవంబరులో కిట్టీ ఏడో హుస్సార్ల దళంలో కెప్టెన్ ఫిలిప్స్‌ను పెళ్లి చేసుకుంది. సంసారం, పిల్లలు, సముద్రం ఒడ్డున టార్కీలో ఇల్లు. బయటివాళ్లకు ఆమె ఒక మర్యాదస్తురాలైన ఇంగ్లీషు గృహిణి.

అలాంటి రోజుల్లో ఒకసారి స్నేహితులతో స్వాలోఫీల్డ్ బంగళాకు వెళ్లింది. గోడ మీద నిలువెత్తు పటం. ఎర్ర జామా, ముత్యాలు, మెట్లు. భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ మూడేళ్ల పిల్ల. తానే అని గుర్తుపట్టి అక్కడే భోరున ఏడ్చింది. అన్న పోయి ఏళ్లయింది. అమ్మ మొహం కలల్లో తప్ప గుర్తులేదు. తాను ఎక్కడి పిల్లో చెప్పే వస్తువు ఒకటి లోకంలో ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది. అదీ పరాయివాడి గోడ మీద, తన తల్లిని బందరులో వదిలేసిన మనిషి గోడ మీద. రస్సెల్ ఆ కన్నీళ్లు చూశాడు. తన తర్వాత పటం ఆమెకే దక్కేలా వీలునామాలో రాస్తానని మాటిచ్చాడు. అప్పుడే, అక్కడే, మేకు నుంచి దించి ఆమె చేతిలో ఎందుకు పెట్టలేదో! ఈ ఘట్టం దగ్గరకు వచ్చినప్పుడల్లా నాకు ఆయన మీద కోపం వస్తుంది. అది దాచుకోవలసిన పని లేదు.

అయితే ఆ పటం ఇంకో తలుపు తెరిచింది. తన తల్లి తల్లి ఇంకా బతికే ఉందని, హైదరాబాదులోనే ఉందని కిట్టీకి తెలిసింది. రెసిడెన్సీలో పనిచేస్తున్న కెప్టెన్ డంకన్ మాల్కం మధ్యవర్తిగా 1841లో ఉత్తరాలు మొదలయ్యాయి. షరఫున్నీసా అప్పటికి పండు ముసలిది. ఉత్తరాలను పారసీలో చెప్పి రాయించేది. బంగారు రజను చల్లిన కాగితం. జరీ సంచీలో పెట్టి లక్క ముద్ర వేసిన ఖరీతా. ఆ సంచీ రెసిడెన్సీ దాటి, సముద్రం దాటి టార్కీలో దిగేది. అందులోని మాటను ఇంగ్లీషులోకి మార్చి చెప్పేవాళ్లు ఉంటే గానీ మనవరాలికి అర్థమయ్యేది కాదు. మూడేళ్ల వయసులో వినివిని పలికిన ఇంటి మాటలను, నలభై ఏళ్ల వయసులో దుబాసీ నోట వినాల్సి వచ్చింది. ఆరేళ్లు రాసుకున్నారు. ఒకరినొకరు చూసుకోలేదు. 1847లో షరఫున్నీసా కన్నుమూసింది.

పటం వేసినవాడి సంగతి చూస్తే, అతను కూడా ఒక చోట నిలిచినవాడు కాదు. చిన్నరీ మద్రాసు నుంచి బెంగాలు వెళ్లి, కలకత్తాలో దొరలందరి చిత్రకారుడై, మోయలేనన్ని అప్పులు చేశాడు. అప్పులవాళ్లు తరిమితే డేనిష్ వాళ్ల శ్రీరాంపూర్‌లో తలదాచుకుని, 1825లో మకావు పారిపోయాడు. మిగిలిన 27 ఏళ్లు అక్కడే గడిపాడు. చైనా తీరంలో పడవలు, సంతలు, పోర్చుగీసు వీధులు, వర్తకుల మొహాలు వేస్తూ ఆ తీరానికే చిత్రకారుడైపోయాడు. ఇవాళ అతని పేరు చెబితే లోకం మకావు, హాంకాంగ్ అంటుంది. హైదరాబాదు పేరు ఎవరికీ తట్టదు. 1865లో హాంకాంగ్‌లో పుట్టిన బ్యాంకు చైనా తీరపు పాత చిత్రాలను పోగుచేస్తూ చిన్నరీ గీసినవి ఎక్కడ దొరికినా కొన్నప్పుడు, ఈ పిల్లల పటం కూడా ఆ కోవలోనే చేరింది. అంటే పటం అక్కడికి చేరింది తనలో ఉన్నవాళ్ల పేరు పట్టుకుని కాదు, గీసినవాడి పేరు పట్టుకుని. పాత బొమ్మల బజారు అలాగే నడుస్తుంది. మొహం ఎవరిదన్న ప్రశ్న వెనకపడి, చెయ్యి ఎవరిదన్నదే ధర నిర్ణయిస్తుంది. సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం అన్న పేర్లు మళ్లీ మనకు వినబడడానికి ఉత్తరాలు, వీలునామాలు తవ్వి తీసిన పరిశోధకులు కావలసివచ్చారు.

కోఠిలో ఆ ఇల్లు ఇంకా ఉంది. 1949 నుంచి ఆడపిల్లల కాలేజీ. ఇటీవల దాన్ని చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం చేశారు. శిథిలమై పెచ్చులూడుతున్న మేడకు చాలా ఏళ్లు మరమ్మతులు చేశారు. నేను వెళ్లిన రోజున సింహాల పక్కన ఆ వెడల్పాటి మెట్ల మీద కూర్చుని ఇద్దరమ్మాయిలు ఒకే టిఫిన్ బాక్సులోంచి తింటున్నారు. సంచీలోంచి పుస్తకం తీసి పటం చూపించాను. “ఎవరు సార్ వీళ్లు? నవాబుల పిల్లలా?” అనడిగారు. ఈ ఇంటి పిల్లలే అన్నాను. చేతులు తుడుచుకుని పుస్తకం అందుకున్నారు. ఒకమ్మాయి వేలు ముత్యాల మీద ఆగలేదు, చెల్లెలి మొహం మీద ఆగింది. “ఏడ్చినట్టుంది కదా, సార్,” అంది.

1852లో రెండు మరణాలు. మే 30న మకావులో చిన్నరీ. అదే ఏడాది స్వాలోఫీల్డ్‌లో హెన్రీ రస్సెల్. ఆడిన మాట ప్రకారం వీలునామాలో పటాన్ని కిట్టీకి రాశాడు. ఆమెకు యాభై ఏళ్లు. అమ్మమ్మ పోయి అయిదేళ్లు. మద్రాసులో మెట్ల మీద నిలబడిన పిల్లకు, 47 ఏళ్ల తర్వాత, తన పటం తన ఇంటికి వచ్చింది. 1889లో టార్కీలో ఆమె చనిపోయేదాకా, దాని యజమానుల జాబితాలో ఉన్న పేరూ పటంలో ఉన్న మొహమూ ఒకే మనిషివి.

(వచ్చే సంచికలో: 1857 జూలై 17, రెసిడెన్సీ గోడ మీద తుర్రేబాజ్ ఖాన్)